కథ చెయ్యి వదిలిన బొమ్మ

చేర్యాల నకాషీ చిత్రకారుల పటం గోడకు తగిలించి చూడటానికి పుట్టింది కాదు. ఎర్రటి నేల మీద అరలు అరలుగా కులపురాణం గీస్తే, కథకుడు ఒక్కో అరా విప్పుతూ పాడేవాడు. పద్మశాలీలకు కూనపులి కథకులు మార్కండేయ పురాణం అలాగే వినిపించారు. పాటా బొమ్మా అక్కడ ఒకే పని.

ఆధునిక కాలంలో ఆ పొత్తు రాజమహేంద్రవరంలో కొత్తగా మొదలైంది. అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే రచయిత, చిత్రకారుడు కూడా. ఆయన చేరదీసిన పిల్లల్లో దామెర్ల రామారావు బొంబాయి వెళ్లి చిత్రకళ చదివి, తిరిగొచ్చి సొంత ఊళ్లో బొమ్మల బడి పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆ పిల్లల్లో మరొకరు అడివి బాపిరాజు.

బాపిరాజు దగ్గర కాస్త ఆగాలి. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ దగ్గర చిత్రలేఖనం నేర్చారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమతిని ఆయన ‘నారాయణరావు’, విశ్వనాథ ‘వేయిపడగలు’ పంచుకున్నాయి. ‘హిమబిందు’లో శాతవాహనుల నగలూ వస్త్రాలూ రంగులూ వర్ణిస్తూ కథను ఆపేస్తారని కొందరికి విసుగు. నాకు మాత్రం ఆ ఆగిన చోట్లే ప్రాణం. కుంచె పట్టిన చెయ్యి కాకపోతే ఆ వాక్యాలు రావు.

తర్వాత పత్రికలు వచ్చాయి, బొమ్మ ఇంటింటికీ చేరింది. ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాలతో వడ్డాది పాపయ్య ప్రబంధ నాయికలకు మన కళ్లలో రూపం కట్టారు. ముళ్లపూడి ‘బుడుగు’ను బాపు బొమ్మ లేకుండా ఊహించుకోలేం, బాపు చేతిరాత సైతం అచ్చు అక్షరమైంది. శీలా వీర్రాజు కవిత్వం, నవల రాస్తూనే ఎందరి పుస్తకాలకో ముఖచిత్రాలు వేశారు. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ బొమ్మను ఎలా చూడాలో తెలుగులో చెప్పారు. ఇలస్ట్రేషన్ తక్కువ కళ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే ఒక నష్టం జరిగింది: కథ చెప్పని బొమ్మను చూసే ఓపిక మనకు అలవడలేదు.

అలాంటి బొమ్మలే లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం వేశారు. ఇద్దరూ బరోడాలో చదివారు; అక్కడి గురువు కె.జి. సుబ్రమణ్యన్ కళ మీద విరివిగా వ్యాసాలు రాసినవాడు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో పల్లె మనుషుల దేహాలూ మేకలూ చెట్లూ కోరికతో పెనవేసుకుని ఉంటాయి. వైకుంఠం ఆడవాళ్ల పెద్ద బొట్టు, ముతక చీర వెనక ఏ కావ్యమూ లేదు, తెలంగాణ ఊరు ఉంది. ఇదే తెలంగాణ మన కథల్లోనూ కవిత్వంలోనూ బలంగా వచ్చింది. కానీ ఈ చిత్రకారుల గురించి తెలుగులో ఎంత రాశాం? చిత్రకారుడు మోహన్ ‘కార్టూన్ కబుర్లు’లా బొమ్మల గురించి మాట్లాడే పుస్తకాలే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్యాలరీ కేటలాగులు ఇంగ్లీషులో వస్తాయి, మన విమర్శకులు ఆ గడప తొక్కరు.

ఈ లోటుకు బాధ్యత చిత్రకారులది కాదు, సాహిత్యకారులది. పత్రికా సంపాదకులకు నా విన్నపం: ప్రతి సంచికలో ఏ కథకూ తోడు కాని ఒక బొమ్మ అచ్చువేసి, దాని మీద ఒక కవి చేతనో కథకుడి చేతనో ఒక పేజీ రాయించండి.