రేఖాగణిత బోధన - నాడు, నేడు



ఉన్నతపాఠశాలలో రేఖాగణితమును ఏ క్రమమున, ఏ ప్రమాణమును బట్టి బోధింపవలెనను విషయమును నేడు చెప్పదలచితిని. ఇది ఉపాధ్యాయులకు జెప్పవలసిన మాట గాని మాకేల యని మీరనుకొనవచ్చును. కాని ఇంటికి ముగ్గు పోయించినవారును, గట్టు తగవులలో గొలుసు పట్టించి తీర్పు చెప్పినవారును మీరే. ఈ శాస్త్రము పొలములలోను పునాదులలోను బుట్టినది. బడిలో బ్రవేశించిన పిమ్మట దానికేమి సంభవించెనో, మీ మనుమల చేతికి ఏ రూపమున వచ్చుచున్నదో మీరెరుగుట మంచిది.

నేను బాల్యమున గురువుగారి యింట సంస్కృతము చదివి, లీలావతిలో గొంత భాగము వల్లించి, తరువాత కళాశాల చదువు ముగించి, ముప్పదియేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పితిని. అందులో 1991వ సంవత్సరమున జరిగిన యొక సంగతి నేటికిని నన్ను విడువలేదు.

ఆ యేడు తొమ్మిదవ తరగతికి, సమద్విబాహు త్రిభుజములో సమానభుజముల కెదురుగా నున్న కోణములు సమానములను సిద్ధాంతమును జెప్పితిని. దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి యను నాలుగు శీర్షికలతో నల్లబల్లపై వ్రాసితిని. పిల్లలు దానిని శ్లోకము వలె వల్లించిరి. నాకును సంతోషమే కలిగెను; నా చదువు అట్లే సాగినది గదా! అర్ధసంవత్సర పరీక్షలో ఆ ప్రశ్ననే యిచ్చి, త్రిభుజమును మాత్రము తలక్రిందుగా గీసి, ఏ, బీ, సీ యను అక్షరములకు బదులు పీ, క్యూ, ఆర్ అని పెట్టితిని. తరగతిలో మొదటివాడైన బాలుడు, ప్రశ్నలోని బొమ్మను చూడకయే, ఏ, బీ, సీలతో పాత ఉపపత్తిని ఒక్క యక్షరము తప్పకుండ వ్రాసిపెట్టెను. నేను సున్న వేసి, ఆ కాగితమును తరగతిలో చదివి వినిపించితిని. అందరును నవ్విరి. ఆ దినము మొదలు ఆ బాలుడు నా గంటలో తల యెత్తి చూచుట మానెను.

ఆ వేసవిలోనే మా పశువుల కొట్టమునకు పునాది తీయించితిని. తాపీమేస్త్రీ ఒక మూలలో మేకు పాతి, ఒక దారము వెంబడి మూడడుగుల కడను, మరియొక దారము వెంబడి నాలుగడుగుల కడను గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ సరిగా ఐదడుగులు వచ్చువరకు రెండవ దారమును జరిపెను. "మూల కుదిరిందండి, పంతులుగారూ" అనెను. "ఐదే యెందుకు రావలెను, మేస్త్రీ?" అని యడిగితిని. "మా నాయన ఇట్లాగే పెట్టేవాడండి. ఎందుకో నాకేం తెలుస్తుంది? తమరు చదువుకున్నవారు, తమరే చెప్పాల" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేస్త్రీ చేతిలో వస్తువున్నది, కారణము లేదు. నా శిష్యుని నోట కారణమున్నది, వస్తువు లేదు. ఈ రెంటిని విడదీసినదెవరు? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు నేను ఈ శాస్త్ర బోధన యొక్క చరిత్రను చదువ మొదలిడితిని.

మన దేశమున నీ విద్య త్రాటితో మొదలైనది. యజ్ఞవేదికలను నిర్మించుటకై బోధాయనుడు, ఆపస్తంబుడు మొదలగువారు శుల్బసూత్రములను రచించిరి. శుల్బమనగా త్రాడు. ఆపస్తంబుడు మన తెలుగు వైదిక కుటుంబములలో బెక్కింటికి సూత్రకారుడే. సోమయాగమున కావలసిన మహావేదికి తూర్పు అంచు 24 పదములు, పడమటి అంచు 30 పదములు, నడిమి పొడవు 36 పదములు. దీనికి ఆయన చెప్పిన యుపాయమును వినుడు. 36 పదముల త్రాటికి మరి 18 పదములు చేర్చి 54 చేయుము. పడమటి కొననుండి 15వ పదమున గుర్తు పెట్టుము. 36 పదముల యెడముగా పాతిన రెండు మేకులకు త్రాటి కొనలను తగిలించి, గుర్తును పట్టుకొని ప్రక్కకు లాగుము. ఒకవైపు 15, ఒకవైపు 39 వచ్చి, పడమటి మేకు కడ లంబకోణమేర్పడును. మా మేస్త్రీ మూడు, నాలుగు, ఐదులకును దీనికిని వంశమొక్కటే.

అయితే ఆపస్తంబుడు కొలతతో నాగలేదు. ఈ వేది వైశాల్యము 972 చదరపు పదములని చెప్పి, అదెట్లు వచ్చెనో చూపెను. దక్షిణపు ప్రక్కన నున్న సన్నని ముక్కోణపు ముక్కను గోసి, దానిని తలక్రిందుచేసి ఉత్తరపు ప్రక్కన జేర్చినచో, ఆ యాకారము 36 పదముల పొడవును 27 పదముల వెడల్పును గల దీర్ఘచతురస్రమగును. 36ను 27చే గుణింప 972 వచ్చును. త్రాటివారికి కారణముతో పనిలేదనుట సరికాదని దీనివలన దెలియును. చూచితిరా, త్రిభుజమును తలక్రిందు చేయుటయే యిక్కడ ఉపపత్తి! నా శిష్యునికి తెలియక పోయినదియు అదియే.

తరువాతి కాలమున 850 ప్రాంతమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చెను. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిని రచించెను. అందొక లెక్క యున్నది. 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొన మొదలికి 16 మూరల దూరమున నేలను దాకెను. ఎంత యెత్తున విరిగినది? 12 మూరల యెత్తున. మిగిలిన 20 మూరలు కర్ణమగును. పన్నెండు వర్గమును పదునారు వర్గమును గలిపిన 400. ఇరువది వర్గమును అంతియే. చిన్నవాడు వెదురును చూచుచు కర్ణమును నేర్చుకొనును.

ఇక యవన దేశపు మార్గము వేరు. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున యూక్లిడు అను పండితుడు పదుమూడు భాగముల గ్రంథమును రచించెను. ఐదు స్వీకృతములను, కొన్ని సామాన్య సూత్రములను, నిర్వచనములను ముందు నిలిపి, వానినుండి ఒక దానిపై నొకటిగా సిద్ధాంతములను గట్టెను. నేను చెప్పిన సమద్విబాహు సిద్ధాంతము మొదటి భాగమున ఐదవది. కర్ణవర్గ సిద్ధాంతము నలువదియేడవది. మానవుని తర్కబుద్ధి కట్టిన గొప్ప భవనములలో ఇదియొకటి. అరబ్బు భాషలోనికి పోయిన యీ గ్రంథమును సవాయి జయసింహుని యాస్థానమున నుండిన జగన్నాథ సమ్రాట్టు 1718 ప్రాంతమున రేఖాగణితమను పేర సంస్కృతీకరించెను. కావున యూక్లిడు మనకు ఇంగ్లీషు బడులతోడనే వచ్చినవాడు కాడు. పండితుల యింటికి ముందే యతిథియై వచ్చెను.

దోషము యూక్లిడునది కాదు. పెద్దలకై కట్టిన భవనమును, మెట్లు లేకుండ పిల్లలకు జూపుటలో నున్నది. ఇంగ్లాండులో పందొమ్మిదవ శతాబ్దమంతయు బాలురు యూక్లిడు గ్రంథమునే, అతని క్రమమునే తప్పక వల్లింపవలసి వచ్చెను. పరీక్షకులకు అది సౌకర్యము. ఏ సిద్ధాంతమునకు ముందు ఏ సిద్ధాంతమును వాడవచ్చునో తగవుండదు. అనగా నాటి ప్రమాణము పరీక్షకుని కొరకు పుట్టినది, బాలుని కొరకు గాదు. దీనిని మార్చుటకై కొందరు ఉపాధ్యాయులు 1871లో ఒక సంఘముగా నేర్పడిరి. 1901లో జాన్ పెర్రీ యను ఇంజనీరు గ్లాస్గో నగరపు సభలో, బాలుడు ముందు కొలువవలెను, గీయవలెను, గళ్ళ కాగితమును వాడవలెను, తర్కము పిదప రావలెనని వాదించెను. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము యూక్లిడు క్రమమే కావలెనను నిర్బంధమును తొలగించెను. ఆ సంవత్సరమే వెలువడిన హాల్, స్టీవెన్సుల రేఖాగణితము మన దేశపు బడులలో బహుకాలము పాఠ్యగ్రంథముగా నుండెను. కాని నిర్బంధము పోగానే ఒక్కొక్క బడి ఒక్కొక్క క్రమమును బట్టెను; ఏది దేనికి ఆధారమో తెలియని గందరగోళమును బుట్టెను. క్రమము లేకుండుట స్వేచ్ఛ కాదని యిందువలన దేలినది.

అమెరికాలో 1892న ఏర్పడిన పదుగురి సంఘమువారు, బాలునికి పదియేండ్ల వయసున వస్తువులతోడి రేఖాగణితమును మొదలిడి, వారమునకు ఒక గంట చొప్పున కనీసము మూడేండ్లు నేర్పి, ఉపపత్తులను తరువాత జెప్పవలెనని సలహా నొసంగిరి. ఆ దేశపు గణితోపాధ్యాయుల మండలి 1989లో ప్రమాణములను బ్రకటించెను. ప్రమాణమనగా ఇన్ని పుటలు ముగించుట కాదు. విద్యార్థి దేనిని చేయగలుగవలెనో ముందు నిశ్చయించుట. అందులో కదలికలకును నిరూపకములకును చోటు పెంచి, స్వీకృతములపై గట్టిన సంపూర్ణ శాస్త్రముగా బోధించుటను తగ్గింపుమనిరి. 2000లో వెలువరించిన ప్రమాణములలో తర్కమును ఉపపత్తిని అన్ని తరగతులకును ప్రత్యేక ప్రమాణముగా నిలిపిరి. 2010లో వచ్చిన ఉమ్మడి ప్రమాణములు, ఒక బొమ్మను జరిపియో, త్రిప్పియో, అద్దములో వలె మరల్చియో మరియొక దానిపై సరిగా కూర్చోబెట్టగలిగిన అవి సర్వసమానములని నిర్వచించినవి. ముక్కను తలక్రిందుచేసి చేర్చిన ఆపస్తంబుడు ఈ మాట విన్నచో చిరునవ్వు నవ్వియుండును.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి యుపకరించినది 1957లో హాలెండు దేశపు ఉపాధ్యాయ దంపతులు వాన్ హీలేలు చేసిన పరిశోధన. వారు బాలుని బుద్ధికి ఐదు మెట్లు చెప్పిరి. మొదటి మెట్టున బాలుడు ఆకారమును మొత్తముగా జూచును. రెండవదాని యందు దాని గుణములను గుర్తించును. మూడవ మెట్టున ఒక గుణమునకు మరియొక గుణము కారణమని గ్రహించును. నాలుగవ మెట్టున స్వీకృతముల నుండి ఉపపత్తిని గట్టగలుగును. ఐదవ మెట్టున వేరువేరు శాస్త్రవ్యవస్థలను పోల్చును. గురువు నాలుగవ మెట్టున నిలిచి మాటలాడుచు, శిష్యుడు మొదటి మెట్టున నిలిచి వినినచో, ఇద్దరి మాటలు ఒక్కటియే యైనను అర్థములు కలియవు. అట్టి శిష్యునికి మిగులు దారి కంఠస్థమొక్కటే. ఇది చదివినప్పుడు ఆ బాలుని వంచిన తల నా కన్నుల యెదుట నిలిచెను.

మరుసటి యేడు బడి తెరువగానే తరగతి యెదుట ఆ బాలునితో, "నాయనా, ఆ తప్పు నీది కాదు, నాది. నీవు నేను చెప్పినదే వ్రాసితివి" అంటిని. తరువాత నా వార్షిక పథకమును తిరుగవ్రాసితిని. పూర్వము నా పథకము సిద్ధాంతముల పట్టిక. ఏ నెలలో ఎన్ని ముగియవలెనో మాత్రమే యందుండెను. ఇప్పుడు చివరినుండి మొదలిడితిని. ఏటి చివర పిల్లవాడు ఏమి చేయగలుగవలెను? అది వచ్చినదని నాకెట్లు తెలియును? అందులకు ఏ పాఠములు, ఏ వరుసను గావలెను? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసిన పిమ్మటనే పాఠమును ముట్టితిని.

కర్ణవర్గ సిద్ధాంతమునకు మొదటి దినము పిల్లలను ఆటస్థలమునకు దీసికొనిపోయి త్రాటితో లంబకోణము పెట్టించితిని. రెండవ దినము లీలావతి వెదురును లెక్కింపజేసితిని. మూడవ దినము అట్టముక్కలను గోసి, భుజములపై చతురస్రములు కర్ణముపై చతురస్రములో సరిగా పట్టునట్లు అమర్పించితిని. అప్పుడు వారే, "ఈ త్రిభుజమునకు సరిపోయినది, అన్నింటికిని సరిపోవునా?" అని యడిగిరి. ఆ ప్రశ్న పుట్టిన నాడే ఉపపత్తిని మొదలిడితిని. పరీక్షలో బొమ్మను ఎప్పుడును ఒకే విధమున గీయలేదు. ఈ పద్ధతిలో మొదటి యేడు అయిదు సిద్ధాంతములు వెనుకబడినవి; పై వారి మందలింపును బొందితిని. ఆ వెలితి నిజమే. మరుసటి యేడు ఆ పిల్లలు కొత్త సిద్ధాంతములను తమంత తామే సాధించుటలో అది తీరినది. తల వంచిన బాలుడు తల యెత్తుటకు మాత్రము ఆ యేడంతయు పట్టినది.

మన దేశమున 2005లోను, మరల 2023లోను వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రములు గూడ వల్లెవేయుటను గాక అవగాహననే కోరినవి. కాని కాగితముపై ప్రమాణమును వ్రాయుట సులభము. అది తరగతిలోనికి వచ్చునో రాదో చూచువారు ఊరిలో నుండవలెను. అందుకే మీకు జెప్పుచున్నాను. మనుమడు బడినుండి వచ్చినప్పుడు, "ఎన్ని సిద్ధాంతములు వచ్చినవిరా?" అని యడుగకుడు. నేలపై త్రిభుజమును తలక్రిందుగా గీసి, "ఇప్పుడు చెప్పు, ఎందుకు?" అని యడుగుడు. ఊరిలో ఇంటికి ముగ్గు పోయు దినమున వానిని వెంటబెట్టుకొని పొండు. త్రాటి కొన వాని చేతికిచ్చి, కారణమును మేస్త్రీకి వానిచేతనే చెప్పింపుడు. మేస్త్రీకి కారణమును, పిల్లవానికి వస్తువును దక్కును. నేను ఆలస్యముగా నేర్చుకొనిన పాఠము ఇంతియే.