నాలుగు ప్లగ్గులు, ఒక ఆక్సా బ్లేడు ముక్క

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి వరసగా వస్తాయి. అంబాసిడర్లూ ఫియట్లూ ఈ దారిన తిరిగిన రోజుల్లో బండి ‘మిస్సింగ్’ కొట్టిందంటే మెకానిక్ చెయ్యి ముందు స్పార్క్ ప్లగ్గుల మీదికే వెళ్లేది.

ప్లగ్గు మీద తరచూ కనిపించిన పేరు మైకో. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజినీరు గాట్లోబ్ హోనాల్డ్ మాగ్నెటోతో పాటు తెచ్చిన ప్లగ్గుకు అది మన దేశపు సంతానం. 1951లో మొదలైన మైకో, 2008లో బాష్ లిమిటెడ్ అయింది.

విప్పిన ప్లగ్గు మూతి జాతకం చెప్పేది. లేత గోధుమరంగైతే ఇంజిన్ క్షేమం. పొడి మసి పట్టిందా, పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా తడిస్తే రింగులు అరిగి ఆయిల్ పైకెక్కుతోందని అనుమానం. తెల్లగా పాలిపోతే వేడి మితిమీరినట్టు. ఎమరీ పేపర్‌తో రుద్ది, నిప్పురవ్వ దూకే గ్యాప్ సరిచేయాలి. అంబాసిడర్‌కు అది సుమారు 0.6 మిల్లీమీటర్లు. చిత్రంగా, ఆక్సా బ్లేడు మందం కూడా దాదాపు అంతే! ఫీలర్ గేజ్ లేనిచోట విరిగిన బ్లేడు ముక్కే కొలత.

కొత్తది కొనడంలోనే అసలు తిరకాసు. పాత బాష్ కోడ్‌లో 145 కంటే 225 ‘చల్లని’ ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలేది. కొత్త కోడ్‌లో తిరగబడింది, అంకె పెరిగేకొద్దీ ‘వేడి’.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కావడంతో ప్లగ్గులకు సీసపు పూత బెడద తప్పింది.

అంబాసిడర్‌కు నాలుగైతే, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు మూడే ప్లగ్గులు. హెడ్ అల్యూమినియంది కనుక పానా వేసేముందు వేళ్లతోనే మరలు పట్టించాలి. అడ్డంగా ఎక్కిందా, ప్లగ్గు ఖర్చు కాస్తా హెడ్ ఖర్చయ్యేది.