పేషెంట్‌కి చెప్పాలా, వద్దా? క్యాన్సర్ మాట దాచిన రోజుల కథ

"డాక్టర్ గారూ, ఏదున్నా మాకు చెప్పండి, అమ్మకి మాత్రం చెప్పొద్దు." హాస్పిటల్ వరండాలో ఈ మాట మీరూ వినే ఉంటారు. ఇది మన దగ్గరే ఉన్న అలవాటు అనుకుంటాం కదా? కాదండీ.

1951 నవంబర్‌కి వెళ్దాం. అర్జెంటీనా అధ్యక్షుడి భార్య ఎవా పెరాన్‌కి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆపరేషన్ కోసం న్యూయార్క్ నుంచి జార్జ్ ప్యాక్ అనే సర్జన్‌ని రహస్యంగా పిలిపించారు. ఆమెకి మత్తు ఇచ్చాకే ఆయన లోపలికి వచ్చారు. జబ్బు పేరు కూడా ఆమెకి చెప్పలేదు. 1952 జూలై 26న, 33 ఏళ్లకే ఆమె చనిపోయారు.

ఇదేదో రాజకీయ రహస్యం మాత్రమే కాదు, అప్పటి వైద్య పద్ధతే అది. 1847లో అమెరికా డాక్టర్ల సంఘం రాసుకున్న నియమావళి ఏమందంటే, డాక్టర్ మాట, తీరు కూడా రోగి ఆయుష్షు తగ్గించగలవు, కాబట్టి భయపెట్టే మాటలు చెప్పకండి అని. మాటకి అంత బలం ఉందని వాళ్లకి తెలుసు. కానీ దాని నుంచి నేర్చుకున్నది మాత్రం మౌనం.

మరి పేషెంట్లు ఏం కోరుకున్నారు? 1950లో 100 మంది క్యాన్సర్ పేషెంట్లని అడిగితే 89 మంది, మాకు తెలియాలి అన్నారు. 1961లో డోనాల్డ్ ఓకెన్ అనే డాక్టర్, షికాగోలో 219 మంది డాక్టర్లని అడిగారు. దాదాపు 90 శాతం మంది, మేం చెప్పం అన్నారు! ఎందుకు? అనుభవం వల్ల అన్నారు. ఓకెన్ తవ్వి చూస్తే, చాలామంది చెప్పి చూసిందే లేదు. అసలు భయం పేషెంట్‌ది కాదు, డాక్టర్‌ది.

తర్వాత కాలం మారింది. చికిత్సలు పెరిగాయి. జబ్బేంటో చెప్పకుండా చికిత్సకి అనుమతి ఎలా అడుగుతారు? 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచారు. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్, చావుకి దగ్గరైన వాళ్లతో నేరుగా మాట్లాడి పుస్తకం రాశారు. 1979లో రోచెస్టర్‌లో మళ్లీ అడిగితే 97 శాతం మంది డాక్టర్లు, చెప్తాం అన్నారు. పద్దెనిమిదేళ్లలో లెక్క తలకిందులైంది.

కానీ నిజాన్ని మొహం మీద కొట్టినట్టు చెప్పినా గాయమే కదా. అందుకే 2000లో బెయిల్, బక్‌మన్ లాంటి డాక్టర్లు 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతి రాశారు. ప్రశాంతమైన చోట కూర్చోవాలి. పేషెంట్‌కి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగాలి. అప్పుడు సులువైన మాటల్లో చెప్పాలి. ఏడిస్తే ఆగాలి. చివరికి, ఇక ముందు ఏం చేద్దామో కలిసి అనుకోవాలి.

ఇందులో మూడో మెట్టు చూశారా? నిజం పేషెంట్‌ది. ఎంత వినాలో తేల్చుకునే హక్కు కూడా తనదే. మనం గుసగుసలాడుకుంటుంటే అమ్మకి అర్థం కాదనుకోకండి. అర్థమవుతుంది, కానీ ఆ భయంతో తను ఒంటరిగా మిగిలిపోతుంది.

అందుకే ఈసారి వరండాలోకి వెళ్లి డాక్టర్‌ని ఆపే ముందు, మంచం పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: "అమ్మా, నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?"