మూలపడిన లేతు మిషను: తూకానికి అమ్మేముందు

పంపు షాఫ్టు అరిగినా, చెరకు గానుగలో బుష్షు పగిలినా మీరు ముందు పరుగెత్తేది మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోని లేతు షాపులకే గదా. అలాటి షాపుల్లో కొన్నిచోట్ల ఒక మూల పాత మిషను గోనెసంచుల కింద తుప్పు పట్టి వుంటుంది. పాత ఇనుము కొనేవాడు వచ్చి కిలో లెక్కన బేరమాడుతుంటాడు. ఇచ్చేయాలా, నిలుపుకోవాలా? అది తేల్చుకునే ముందు ఆ మిషను మన దాకా ఎట్లా వచ్చిందో కాస్త తెలుసుకోవాలి.

లేతు మనకు పూర్తిగా కొత్తది కాదు. మంచం కోళ్లు, ఉయ్యాల బల్ల కమ్ములు నున్నగా తీసే తరిమెన మన వడ్రంగులకు ఎప్పటినుంచో తెలుసు. ఒకడు తాడు లాగితే కొయ్య గిర్రున తిరిగేది, ఇంకొకడు ఉలి పట్టేవాడు. కొయ్యకు అది చాలు. ఇనుము అలా కాదు, చేత్తో పట్టిన ఉలిని విదిలించి కొడుతుంది. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్‌స్లే అనే పనివాడు అంతా ఇనుముతోనే మిషను కట్టి, ఉలిని చేతినుంచి తప్పించి గట్టి పీటకు బిగించాడు. పొడవాటి మరచుట్టు ఒకటి ఆ పీటను సమానంగా నడిపేది. మర ఒకేలా పడటం అలా కుదిరింది. ఒక నట్టు పోతే అదే కొలతది ఇంకొకటి తెచ్చి బిగించుకోవడం ఈనాడు మనకు మామూలు మాట. ఆనాడు అది ఎంత పెద్ద సంగతో!

మన పక్క బావుల మీద కపిల తోలే రోజుల్లో లేతు అవసరం లేదు. తోలు బొక్కెన చినిగితే మాదిగ పెద్ద కుట్టేవాడు, గిలక విరిగితే వడ్రంగి చూసేవాడు. 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లో మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి బావుల మీద ఆయిలింజనుతో నీళ్లు తోడే ప్రయత్నాలు చేయించాడు. ఇంజను పొలానికి వచ్చిందంటే దాన్ని బాగుచేసేవాడూ దగ్గరలో వుండాలి. కపిలకూ ఇంజనుకూ వున్న తేడా అక్కడే వుంది.

మన ఎల్లకు ఆవలే కోలారు బంగారు గనులు. అక్కడ కొత్త పద్ధతి తవ్వకం 1880లో మొదలైంది, 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, 2001లో గనులు మూతబడ్డాయి. అంత లోతు గనిలో నీళ్లు తోడే పంపులకూ, మనుషుల్ని దింపే యంత్రాలకూ మరమ్మతు ఆగితే పనే ఆగిపోతుంది. మన బావి దగ్గర ఎండే మడికీ అదే లెక్క. లేతు మిషన్లు సీమనుంచే రావాలన్న స్థితి కూడా మారింది. 1941లో మైసూరు సంస్థానంలోని హరిహరలో మైసూరు కిర్లోస్కర్ కంపెనీ ఏర్పడి లేతులు తయారుచేసింది. ఆ కంపెనీ తర్వాత మూతబడింది. 1953లో బెంగుళూరులో స్విట్జర్లాండు ఓర్లికాన్ సంస్థ సాయంతో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వెలిసింది. బెంగుళూరు మదనపల్లెకు సుమారు 120 కిలోమీటర్లే.

తర్వాత బావులు ఇంకాయి, బోర్లు వచ్చాయి, సబ్‌మెర్సిబుల్ మోటార్లు దిగాయి, విడిభాగాలు అంగట్లో సిద్ధంగా దొరకసాగాయి. బెల్టుతో తిరిగే పాత లేతులు అలా మూలకు చేరాయి. అయితే గానుగకూ, ట్రాక్టరు పనిముట్లకూ, కంపెనీయే లేని పాత పంపులకూ అంగట్లో సామాను దొరకదు. టమాటా పైరు నీటికి ఎదురుచూస్తుంటే, ఒక్క బుష్షు కోసం బెంగుళూరు బస్సెక్కే రైతుకు ఆ నష్టం ఎంతో తెలుసు.

ఇక తుప్పు సంగతి. ఎర్రగా పొడిలా వున్న పైతుప్పు చూసి భయపడకండి. దానికంటే అరుగుదల ముఖ్యం. లేతుకు వెన్నెముక బెడ్డు. పని ఎక్కువగా చక్కు దగ్గరే జరుగుతుంది గనుక అక్కడే అది ఎక్కువ అరుగుతుంది. బెడ్డును కిరసనాయిలుతో తుడిచి, శాడిల్‌ను చక్కు దగ్గర వదులు లేకుండా సర్ది, నెమ్మదిగా తోక వైపు నడపండి. అక్కడ బిగుసుకుపోయిందంటే అరుగుదల వుందన్నమాట. ఎంత ఎక్కువగా బిగిస్తే అంత అరిగినట్టు. చక్కులో కొయ్య బిగించి మెల్లగా పైకి ఎత్తి చూడండి. ఊగితే బేరింగు సర్దాలి. ఈ రెండూ బాగుంటే తుప్పు పనికి పూనుకోండి.

బెడ్డు మీద ఎమెరీ కాగితం వద్దు, గ్రైండరు అసలే వద్దు. ఎమెరీ గింజలు ఇనుములో దిగబడి, తర్వాత మిషన్నే అరగదీస్తాయి. నూనె పోసి రెండు రోజులు నాననిచ్చి, పాత బ్లేడును వాలుగా పట్టి గీకి, సన్నటి ఉక్కు పీచుతో నూనె మీదే రుద్ది తుడవండి. విడిగా ఊడే చిన్న ఉక్కు సామాన్లకు చక్కెర మిల్లు మొలాసిస్ ఒకపాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి వారం, రెండు వారాలు నానబెట్టవచ్చు. రోజూ చూస్తూ వుండాలి. అల్యూమినియం, జస్తా భాగాలు అందులో వేయకండి. చింతపండు పులుసూ తుప్పు తీస్తుంది. పులుపు ఏదైనా చివర నీళ్లతో కడిగి, ఎండబెట్టి, వెంటనే నూనె రాయకపోతే మర్నాటికి మళ్లీ ఎర్రబడుతుంది. పాత రంగులో సీసం వుండవచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి.

ఇంకొక మాట, ఇది చాలామంది గమనించరు. లేతు వున్న కొట్టంలో పొటాషు ఎరువు సంచులు పెట్టకండి. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి, చుట్టుపక్కల ఇనుమును తినేస్తుంది. మిషను తిరిగేటప్పుడు పంచె కొంగు, మెడలో తువ్వాలు దూరంగా వుండాలి. తుడవడం ఆపిన తర్వాతే.

అంతా బిగించాక లావుపాటి ఇనుప కడ్డీని చక్కులో ఒకవైపే పట్టి, ఒక 100 మిల్లీమీటర్ల పొడవు సన్నగా చెక్కి, రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలవండి. తేడా మిల్లీమీటరులో రెండు, మూడు వందోవంతులకు మించకుంటే పుల్లీ, గానుగ పిన్ను, బుష్షు పని హాయిగా సాగుతుంది. అంతకు మించితే ముందు మిషను కాళ్ల కింద మట్టం సరిచూసి, మళ్లీ ఒకసారి చెక్కి కొలవండి. పాత ఇనుము వ్యాపారికి జవాబు ఆ తర్వాత చెప్పవచ్చు.