ఉయ్యాల నుండి త్రాసు వరకు

నేడు దుకాణములలో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. సరకు పెట్టినంతనే అంకె వెలుగును. పళ్లెములు పైకి క్రిందికి ఆడవు. ముల్లు అటునిటు ఒరగదు. అయినను దుకాణదారుడు "తూకము సరిపోయినదండీ" అనియే చెప్పును. త్రాసు ఊగుట మానినది గాని, ఊగుటను తెలుపు మాట మనలను విడువలేదు. తూకము, తూనిక, తూచుట - ఇవన్నియు "తూగు" అను మాట సంతానమే. ఆ తూగునకు మరియొక అర్థము ఉయ్యాల వలె ఊగుట.

ఇట్టి కదలికలను తెలుపు మాటలకు తెలుగున కొదువ లేదు. గాలికి కొమ్మ ఊగును. మత్తెక్కినవాడు తూలును. కూర్చున్నచోటనే కునుకుపట్టినవాడు జోగును. ఎటును తేల్చుకొనలేని మనస్సు ఊగిసలాడును. అన్నిటిలోను విచిత్రమైన చరిత్ర కలది తూగు. ఉయ్యాల తూగును, నిద్రమత్తున తల తూగును, త్రాసులో సరకు తూగును. మూడు పనులకును ఒక్క మాట యేల వచ్చినది?

ఇరుగుపొరుగు భాషలను చూచినచో సమాధానము దొరకును. తమిళమున "తూంగు" అనగా వ్రేలాడుట, ఊగుట, నిద్రించుట. "తూక్కు" అనగా ఎత్తుట, తూచుట. కన్నడమున "తూగు" ఊగుటకును, తూచుటకును చెల్లును. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ భాషల నిఘంటువులో ఈ మాటలనన్నిటిని ఒక్క కుటుంబముగా చేర్చిరి. మూలమున నున్న భావము వ్రేలాడుట. దూలమునకు త్రాళ్లతో కట్టిన ఉయ్యాల వ్రేలాడును. కాడకు త్రాళ్లతో కట్టిన పళ్లెము వ్రేలాడును. నిద్ర ముంచుకొని వచ్చినవాని తల మెడపై వ్రేలాడును. వ్రేలాడునది ఊగక మానదు. కనుక మన పూర్వులు చూచినవి మూడు పనులు కావు, ఒక్కటే.

వీశెలు, సేర్లు, మణుగులు మన పెద్దలు వాడిన కొలతలు. వీశె యనగా 120 తులములు, సుమారు 1,400 గ్రాములు. 1956లో వచ్చిన తూనికలు, కొలతల చట్టముతో కిలోగ్రాము వాని స్థానమును ఆక్రమించినది. రాళ్లు మారినవి, లెక్కలు మారినవి, తూగు మారలేదు. సమానుడైనవాడు నేటికిని సరితూగును. కలిగిన యిల్లు సిరిసంపదలతో తులతూగును.

సంస్కృతము నుండి వచ్చిన తోబుట్టువుల నడక వేరు. డోల యనగా ఉయ్యాల. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) స్వామికి జోలలు, ఉయ్యాల పాటలు రచించిరి. ఆలయములలో స్వామిని ఊయలలో నుంచి ఊపు వేడుక డోలోత్సవము. ఆందోళనము కూడ సంస్కృతమున ఊగుటయే. తెలుగునకు వచ్చి అది మొదట మనస్సులోని కలవరమైనది; పిదప కోర్కెల సాధనకై ప్రజలు వీధుల కెక్కుటకు పేరైనది. హిందీలోను "ఆందోలన్" ఉద్యమమే. అదే మూలమునుండి డోలనము భౌతికశాస్త్ర పాఠములలో చేరి, లోలకము కదలికకు పేరైనది.

ఒకే కదలిక నుండి బయలుదేరిన రెండు మాటలు ఎంత దూరమైనవో చూడుడు. ఆందోళన నిలుకడ లేని స్థితిని చెప్పినది. తూగు మాత్రము నిలుకడవైపు నడచినది: ఉయ్యాల తూగగా తూగగా బిడ్డకు నిద్ర వచ్చును, పళ్లెములు తూగగా తూగగా ముల్లు నడుమ నిలుచును.

నేటి పిల్లలకు తూగుట యనిన బరువే స్ఫురించును. ఊగుట యను అర్థము వాడుకనుండి జారిపోవుచున్నది. అది పోయినచో తూకమునకు త్రోవ ఎచ్చట మొదలైనదో తెలియదు. "తూగుటుయ్యాల" యను ఒక్క మాట దానిని ఇంకను పట్టియుంచినది. ఇంటిలో పసిబిడ్డను ఊపునప్పుడు ఆ మాటను ఒకమారు పలుకుడు. అందులో మన అమ్మమ్మల చేతి ఊపును, అంగడివాని త్రాసును కలిసియే యున్నవి.