క్లాండాల్కిన్ నుంచి హైదరాబాద్: దూరం ఎంత? సమయం ఎంత?

డబ్లిన్ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కి భూగోళం మీద అతి దగ్గర దారిలో దూరం సుమారు 8,130 కి.మీ. గంటకు 900 కి.మీ. చొప్పున లెక్కేస్తే తొమ్మిది గంటలు. కానీ క్లాండాల్కిన్‌లో మా ఇంటికి తాళం వేసి హైదరాబాద్‌లో ఇల్లు చేరడానికి నాకు దాదాపు 20 గంటలు పడుతుంది. మిగతా పదకొండు గంటలు ఎక్కడికి పోతున్నాయో తెలిస్తే, ఇంటి నుంచి అర్జెంటుగా ఫోన్ వచ్చిన రోజున ఏ టికెట్ కొనాలో తేలికగా తెలుస్తుంది.

దగ్గర దారి ఎటు?

మ్యాపులో ఆ గీత వార్సా పక్కనుంచి యుక్రెయిన్, కాస్పియన్ సముద్రం, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా వస్తుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు యుక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూతపడింది. ఇక డబ్లిన్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు.

మారే ఊరిని బట్టి దూరం (సుమారుగా)

లండన్: 450 + 7,750 = 8,200 కి.మీ.
దుబాయ్: 5,920 + 2,550 = 8,470 కి.మీ.
దోహా: 5,670 + 2,910 = 8,580 కి.మీ.

అంటే ఎంత చుట్టు తిరిగినా అదనంగా పడేది అరగంట. అసలు తేడా తెచ్చేది మధ్యలో వేచి ఉండే సమయం. అది రెండు గంటలు కావచ్చు, పది గంటలు కావచ్చు.

20 గంటల లెక్క (దుబాయ్ మీదుగా)

ఎం50 మీద విమానాశ్రయానికి: అరగంట
చెక్ ఇన్, సెక్యూరిటీ: 3 గంటలు
డబ్లిన్ - దుబాయ్: ఏడున్నర
దుబాయ్‌లో నిరీక్షణ: 3
దుబాయ్ - హైదరాబాద్: మూడున్నర
ఇమ్మిగ్రేషన్, సామాను, ఇల్లు: 2

తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే గాలులు ఎదురవుతాయి కాబట్టి మరో అరగంట, గంట కలుపుకోండి. విజయవాడ వాళ్లయితే హైదరాబాద్ నుంచి రోడ్డు మీద ఇంకో 275 కి.మీ., అంటే సుమారు ఐదు గంటలు.

టికెట్ మీద వేళలు

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి వేళలు ఆ ఊరివే. చలికాలంలో ఇండియా మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు నాలుగున్నర గంటలే. చలికాలంలో రాత్రి 8కి బయల్దేరి మర్నాడు మధ్యాహ్నం 3:30కి దిగితే అది పందొమ్మిదిన్నర గంటలు కాదు, 14 గంటలు.

అత్యవసరం వస్తే

రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ భారం మనదే.

లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నిబంధనలు డబ్బు కట్టకముందే చూసుకోండి.

ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలకు ఓసీఐ కార్డు గానీ ఇండియా వీసా గానీ తప్పనిసరి. మన ఐఆర్‌పీ కార్డుకు తిరిగి వచ్చే రోజు వరకూ గడువుండాలి. ఇవి ఈ వారాంతంలోనే ఒకసారి తీసి చూడండి. తొందరలో ఉన్నప్పుడు విమానం దొరుకుతుంది గానీ, కార్డు అప్పటికప్పుడు చేతికి రాదు.