గేట్లు దించాక వెళ్లాల్సిన దీవి

మహాబలేశ్వరం కొండల్లో వాన దంచికొడితే మిర్యాలగూడలో ప్రయాణాల ముచ్చట మొదలవుతుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం వరసగా నిండి, కృష్ణ వరద నాగార్జునసాగర్‌కు చేరుతుంది. మట్టం 590 అడుగులకు దగ్గరపడి గేట్లు ఎత్తారన్న కబురు అందితే చాలు, సూర్యాపేట నుంచి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ నుంచి బండ్లన్నీ హాలియా దారి పడతాయి. అప్పటికి ఊళ్లో చినుకు పడి ఉండకపోవచ్చు కూడా.

సముద్రానికి దూరమైన ఈ మూడు పట్టణాలకూ చేరువలో ఉన్న దీవి నాగార్జునకొండ. అయితే గేట్లు చూసే కాలం వేరు, దీవికి వెళ్లే కాలం వేరు.

ఒకప్పుడు అక్కడ దీవి లేదు. ఉన్నది లోయ, అందులో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీ.శ. 3వ శతాబ్దంలో, వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే సింహళ దేశపు, భిక్షువులను, సింహళ విహారాన్ని పేర్కొంటుంది. సింహళ దీవితో ఈ కృష్ణాతీరానికి అంత నాటి సంబంధం! ఆ భిక్షువులకు వానాకాలం ప్రయాణాల కాలం కానే కాదు. వర్షావాసం పేరిట మూడు నెలలు ఒకేచోట ఉండిపోవాలి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి విహారాల్లోనూ అదే నియమం.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ మునగక ముందే, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు సాగించింది. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని రాయి రాయిగా విప్పి, నీరు నిండాక దీవిగా మిగిలిన కొండమీద మళ్లీ పేర్చారు. ఏటి ఒడ్డున ఉండాల్సిన స్నానఘట్టం మెట్లు ఇప్పుడు కొండపైన కనిపిస్తాయి. వాటి మీద నిలబడి చూస్తే మునిగిన విజయపురి ఎంత విలువైనదో గుండెకు తగులుతుంది.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలను వరి మాగాణులుగా మార్చింది. దీవి ప్రయాణానికి అనువైన కాలాన్ని కూడా ఆ వరే తేలుస్తోంది.

శ్రావణ భాద్రపదాల్లో జలాశయం నిండుగా ఉన్నా, వరద ఉధృతికి, గాలికి దీవికి వెళ్లే లాంచీలు ఆపేస్తారు. ఆపాలి కూడా. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. యాసంగి వరికి కాలువ సాగేకొద్దీ జలాశయం మట్టం దిగుతుంది. వేసవిలో నీరు మరీ తగ్గితే లాంచీ కదలదు, ఎండకు కొండమీది రాళ్లు కాలిపోతుంటాయి.

మిగిలినవి కార్తీకం నుంచి మాఘం దాకా ఉండే నెలలు. నీరు నిండుగా, ఎండ తక్కువగా ఉంటుంది, వనభోజనాలకూ కుదురుతుంది. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.